గరుకు ఇనుము

చట్నీకి తాలింపు పెడుతుంటే అత్తగారు రాజలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ పొద్దు అయిదింటికల్లా వచ్చేయల్ల వైదేహీ. శ్రీప్రియను చూసేదానికి వస్తా ఉండారు. అన్నీ నువ్వే చూసుకోవల్ల" అంది. శ్రీప్రియ నా ఆడపడుచు, బ్యాంకులో ఉద్యోగం. ఈ మైలాపూరు ఇంటికి వచ్చి పదకొండేళ్ళయినా నా ఉద్యోగమేమిటో ఎవరూ అడగలేదు. "టార్చిలైటు కొట్టి ఇనుము చూసే పని" అని మా ఆయన ఆనంద్‌రాజ్ స్నేహితుల ముందు నవ్వుతాడు.

ఒక లేజరుతో ఇనుములో అల్ట్రాసౌండ్ పుట్టించి, ఆ కంపనాన్ని తాకకుండానే ఇంకో లేజరుతో పట్టుకుని లోపలి పగుళ్ళు కనిపెట్టడం నా పని. నున్నటి ఇనుము మీద తేలికే. తుప్పు పట్టిన గరుకు మీద వెలుగు చెదిరిపోయి ఏమీ దొరకదు. ఆ చెదిరిన వెలుగునూ పట్టుకునే పరికరం కోసం మూడేళ్ళు కష్టపడ్డాను.

ఆ మధ్యాహ్నం ఎన్నూరులో ఒక ఫ్యాక్టరీ ఆవిరి గొట్టం మీద దాన్ని చూపించాలి. "డిజైన్ మన శ్రీకుమార్‌దే" అని నా సహోద్యోగిని ఫ్యాక్టరీవాళ్ళకు పరిచయం చేశాడు మా మేనేజరు ప్రభాకరన్. నా వైపు తిరిగి, "నువ్వు నోట్స్ రాసుకోమ్మా" అన్నాడు.

శ్రీకుమార్ పరికరంతో గొట్టం అతుకును చూసి, "పగులు లేదు సార్" అన్నాడు. తెర మీద గీత చదునుగా ఉంది. అక్కడినుంచి వెలుగే తిరిగి రాలేదని నాకు తెలుసు. గొట్టం కింద నీడలో నలుగురు కూలీలు అన్నం తింటున్నారు.

"ఇంకోసారి చూద్దాం సార్."

"టైం లేదమ్మా."

అప్పుడే ఆనంద్‌రాజ్ ఫోన్. "బయల్దేరినావా? నువ్వు లేకపోతే ఆడ ఏం ఆగిపోతాది?" ఆ గొంతు వింటే నా కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరుగుతాయి. "ఆలస్యమవుతుంది" అని పెట్టేసి, ఎవరినీ అడక్కుండా పరికరాన్ని సరిచేశాను. మూడోసారికి గీత ఎగిరింది. అతుకు లోపల జానెడు పగులు.

కూలీలను లేపి పక్కకు పంపారు. "మా శ్రీకుమార్ పట్టేసినాడు" అని ప్రభాకరన్ ఫ్యాక్టరీవాళ్ళకు చెప్పాడు. నేను పరికరాన్ని పెట్టెలో సర్దేశాను. పట్టింది నేనని అక్కడే చెప్పనందుకు వ్యానులో మైలాపూరు దాకా నన్ను నేను తిట్టుకుంటూనే వచ్చాను.

ఇల్లు చేరేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. "మా మానం తీసినావు" అని అత్తగారు మొహం తిప్పుకుంది. "సంబంధం కుదిరింది. పెండ్లయినాక శ్రీప్రియతో ఉద్యోగం మానిపించమన్నారు, సరే అన్నాను" అన్నాడు ఆనంద్‌రాజ్.

శ్రీప్రియ పట్టుచీరలోనే తలొంచుకుని కూర్చుంది.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"నన్నెవురడిగినారు వదినా?"

ఆనంద్‌రాజ్ కళ్ళతోనే నన్ను లోపలికి పొమ్మన్నాడు. నేను కదల్లేదు. కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యనే కూర్చున్నాను.

"నేనడుగుతున్నాను. చెప్పు."