ఎడమ చక్రం కింద నిమ్మకాయ

నేను ఒక బాల్ జాయింటును. ఆ పేరు వినగానే మీరు పక్కవాళ్ల మొహం చూస్తారని నాకు తెలుసు. బండి కొనేటప్పుడు నా గురించి అడిగినవాళ్లు లేరు, అమ్మేటప్పుడు చెప్పినవాళ్లూ లేరు. మీ తొడ ఎముక తల తుంటిలో ఎలా కూర్చుంటుందో నేనూ ఒక ఇనుప గిన్నెలో అలా కూర్చుంటాను. నిమ్మకాయంత తల, దాని కింద బొటనవేలంత మెడ. గిన్నె బండిని పట్టుకుంటుంది, మెడ చక్రాన్ని పట్టుకుంటుంది. చక్రం గుంతలో దిగినా, మలుపు తిరిగినా ఆ రెంటికీ తగవు రాకుండా చూడటం నా పని. తుంటి ఒకటుందని మీకు నొప్పి పుట్టేదాకా గుర్తుండదు. నా సంగతీ అంతే.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, పెద్ద కొలిమిలో. ఎర్రగా కాలినప్పుడు సుత్తి పడింది, చల్లారాక సాన పట్టారు. అద్దంలా మెరిశాను. ఆ మెరుపు ఎవరూ చూడకముందే గిన్నెలో పెట్టి, గ్రీసు పూసి, పైన నల్ల రబ్బరు తొడుగు వేసేశారు. పెళ్లికూతురి ముసుగు లాంటిదేమో, కాసేపటికి తీస్తారులే అనుకున్నాను. తీయలేదు.

ఒక ఎత్తైన తెల్ల బండి, ఎడమవైపు ముందు చక్రం. అదీ నా కాపురం. మొదటి యజమాని పట్నంలో కంట్రాక్టరు. రోడ్లు వేసేవాడు. తాను వేసిన రోడ్డు మీదికి మాత్రం బండిని తీసుకుపోయేవాడు కాదు, చుట్టు తిరిగైనా వేరే దారిన పోయేవాడు. ఆయన తెలివి వల్ల నాకు చాలాకాలం సుఖంగా జరిగింది.

ఆయన దగ్గర బండిని కొన్నవాడు ఓబులేసు. రాయచోటికి ఆవల గుట్టకిందపల్లెలో చీనీ, అంటే బత్తాయి, తోట ఉన్న రైతు. బండి చూడటానికి వచ్చిన రోజు అతను హారను కొట్టాడు, ఏసీ వేశాడు, పాటలు పెట్టాడు, అన్ని సీట్లలోనూ ఒక్కోసారి కూర్చుని లేచాడు. నంబరు అంకెలు కూడి చూసుకుని తల ఊపాడు. చివరికి టైరును కాలితో ఒక తన్ను తన్ని, "మంచి బండి" అన్నాడు. కింద వంగి చూస్తే పంచె నలుగుతుందనుకున్నాడో ఏమో.

పల్లె దారుల్లో నా రబ్బరు తొడుగు ఒకచోట చిరిగింది. అందులోంచి ఎర్రదుమ్ము దూరి గ్రీసులో కలిసింది. గ్రీసూ ఇసుకా కలిస్తే అది సాన పిండే. దాంతో నన్ను నేనే అరగదీసుకోవడం మొదలుపెట్టాను. గుంత తగిలితే చాలు, గిన్నెలో ఎగిరిపడి "టక్" మనేదాన్ని. అది నా మొర. ఓబులేసు ఆ చప్పుడు విన్నాడు. వినకపోవడం కాదు, బాగానే విన్నాడు. విని, పాటల చప్పుడు పెంచాడు.

"ముందర ఏందో కొట్టుకుంటాంది" అంది ఒకరోజు అతని భార్య నాగరత్న.

"ముందర కాదు, ఎనకాల జాకీ వదులైంది" అన్నాడు ఓబులేసు. జాకీని గుడ్డలో చుట్టిపెట్టాడు కూడా. పాపం, దానికి ఎన్నడూ లేని మర్యాద.

ఇక అసలు సంగతి. గుట్టకిందపల్లెకు ఎదురుగా ఉన్న కొండ మీద గంగమ్మ ఉంది. ఏటా జాతర. కొండ ఎక్కడానికి మట్టిదారి ఉంది, ఒకవైపు రాయి, ఒకవైపు లోయ. మూడో మలుపు దాటాక దారి నడుమ ఒక రాయి వీపు ఎత్తి పడుకుని ఉంటుంది. తాబేలురాయి అంటారు. పోయిన జాతరలో మా బండి పొట్ట ఆ రాయికి ఆనుకుంది. చక్రాలు గాలిలో తిరిగాయి, బండి కదల్లేదు. అంతలో వెనకనుంచి ఓబులేసు బామ్మర్ది కొండప్ప పాత జీపులో వచ్చాడు. ఆ జీపుకు తలుపులు లేవు, అద్దం లేదు, ఎత్తు మాత్రం ఉంది.

"ఏం బావా, తాబేలు మీద తాబేలు ఎక్కిందే!" అని, మా బండిలో కూర్చున్న సాలమ్మను దింపి తన జీపులో ఎక్కించుకుని, కొండవైపు రాళ్ల మీదుగా మమ్మల్ని దాటిపోయాడు.

సాలమ్మ కొండప్పకు తల్లి, ఓబులేసుకు మేనత్త, అత్త కూడా. ఓబులేసు చిన్నప్పుడే తల్లి పోతే, అన్నం కలిపి పెట్టి పెంచింది ఆమె. మోకాళ్లు పట్టేశాయి, కొండదారి నడవలేని మనిషి. ఆమెను తన బండిలో గంగమ్మ ముందు దింపాలని ఓబులేసుకు కోరిక. బండి కొన్నదే అందుకు. అలాంటిది కళ్లముందే ఆమెను తలుపుల్లేని జీపు ఎత్తుకుపోయింది. అతను ఆ రోజు పొంగలి తినలేదు. "వచ్చే జాతరకు నీ కాలు నేల మీద పెట్టనీను, అత్తా" అని గంగమ్మ గుడిముందే ఒట్టు వేశాడు.

ఒట్టు తీరాలంటే బండి ఎత్తు పెరగాలి. జాతర దగ్గర పడ్డాక రాయచోటిలో వలి షెడ్డుకు తీసుకుపోయాడు. వలి మంచి పనివాడు. అతని చేతికి నూనె, నోటికి మాట ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. చక్రాన్ని పైకి లేపించి రెండు చేతులతో పట్టి ఊపాడు. నేను గట్టిగా టక్కుమన్నాను.

"ఓబులేసన్నా, ముందుకాళ్లు బాగలేవు. జాయింట్లు అరిగినాయి, బుష్షులు పగిలినాయి. మొదట ఇవి మార్చల్ల, తర్వాతే ఎత్తు."

"జాతరకు అయితాదా?"

"సామాన్లు బయటినుంచి రావల్ల. జాతర దాటిపోతాది."

"అయితే మొదట ఎత్తు చెయ్యి. కాళ్ల సంగతి జాతరైనాక."

"మోకాళ్ల నొప్పులున్నోనికి ఎత్తు చెప్పులేసినట్టుంటాదన్నా."

"ఏసుకున్నోళ్లు నడవడంలేదా?"

వలి గడ్డం గోక్కున్నాడు. జాతర ముందు షెడ్డు నిండా బళ్లు, వాదించే తీరిక లేదు. సైకిలు ట్యూబు ముక్క కోసి నా చిరిగిన తొడుగు మీద చుట్టి, పురికొస కట్టి, సందులో గ్రీసు కుక్కాడు. "ఇంక దేవుని దయ" అన్నాడు. పనివాడు దేవుని పేరు ఎత్తాడంటే పని పూర్తి కాలేదని అర్థం.

తర్వాత స్ప్రింగుల నెత్తిన ఇనుప బిళ్లలు పెట్టి బండిని ఎత్తారు. బయటినుంచి చూసేవాళ్లకు అది ఎత్తు. నాకు మాత్రం మెడ వంపు. అంతవరకూ చక్రాన్ని పట్టుకున్న ఇనుప చేతులు పక్కకు చాచి ఉండేవి. ఇప్పుడు నీళ్ల బిందెలు మోస్తున్నవాడి చేతుల్లా కిందికి వేలాడాయి. నేను గిన్నె అంచుమీద ఒరిగి నిలబడ్డాను. నాతోపాటు చక్రమూ ఒరిగింది. టైరు లోపలి అంచు నేలను ఒత్తుతుంటే బయటి అంచు తేలిపోయింది. ఇంకొక్క పెద్ద గుంత తగిలితే గిన్నెలోంచి ఊడిపడతానని నాకు తెలుసు. ఊడిపడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది. ఇంటిముందు అయితే నవ్వులాట. మూడో మలుపులో అయితే? ఆ మాట అనుకోవడానికే నాకు గ్రీసు ఆరిపోయింది.

ఓబులేసుకు ఇవేమీ పట్టలేదు. ఇంటికి వస్తూ గోడల మీదుగా అందరి పెరళ్లూ చూసుకుంటూ వచ్చాడు. ఎవరి మిద్దె మీద మిరపకాయలు ఆరుతున్నాయో, ఎవరి గుడ్డలు ఇంకా ఉతకలేదో అతనికి ఆ సాయంత్రమే తెలిసింది. బండి ఎడమకు లాగుతుంటే, "ఇంటిదారి గుర్తుపట్టింది" అని మురిసిపోయాడు.

జాతర రోజు పొద్దున సాలమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి బండి ముందు నిలబడింది. తలుపు తీశారు. ఆమె కాలు ఎత్తింది. మెట్టు అందలేదు. ఇంకో కాలు ఎత్తింది. అదీ అందలేదు.

"ఒరే ఓబులేసూ, కొండ ఎక్కేదానికి ముందు నీ బండి అనే కొండ ఎక్కల్లనా?"

"ముక్కాలిపీట తెస్తాండా అత్తా, ఉండు!"

"నన్ను ఎక్కించేదానికని ఎత్తు పెంచితివి. ఎత్తు పెంచి ఎక్కకుండా చేస్తివి. బో తెలివిరా నీది!"

వీధంతా నవ్వింది. వెనక కొండప్ప జీపు నిలబడి ఉంది. ఆ వీధిలోకి వచ్చే పోయే మొగ ఒక్కటే, మా బండి కదిలితేనే అతనూ కదలాలి. హారను కొట్టే పని లేకున్నా కొడుతున్నాడు.

బయలుదేరే ముందు పూజ. బండికి పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టడం ఆనవాయితీ. నాగరత్న బయటినుంచే వంగి, ప్రతి టైరు అంచు కిందా ఒక్కోటి పెట్టింది. ఓబులేసు బండి ముందుకు కదిలించాడు. టప్, టప్, టప్. మూడు చితికాయి. నా చక్రం కిందది మాత్రం తేలిపోయిన అంచుకు తగిలి, నొక్కుడు చాలక, పక్కకు జారింది. దొర్లుకుంటూ పోయి సాలమ్మ కాలివేలి దగ్గర ఆగింది. తోలు కూడా చిట్లలేదు.

ఇంకో నిమ్మకాయ పెట్టారు. అదీ అలాగే జారింది.

"బావా, నీ ఎత్తు చూసి నిమ్మకాయలు గూడా పారిపోతాండాయే!" అన్నాడు కొండప్ప జీపులోంచి.

"నేను ఎక్కను" అంది సాలమ్మ.

"అత్తా, నిమ్మకాయ గుండ్రంగా ఉంటాది, దొర్లుతాది. దానికేం తెలుసు?"

"తక్కిన మూడూ పలకలుగా ఉండినాయా?"

ఓబులేసు మొహం ఎర్రబడింది. దిగివచ్చి, ఇంకొక నిమ్మకాయను కాలితో టైరు లోపలి అంచు కిందికి తోసి, మళ్లీ ఎక్కి కదిలించాడు. టప్పున చితికింది. "ఇప్పుడు చూడు!" అన్నాడు కిటికీలోంచి.

"అది నువ్వు పట్టుకొచ్చిన సాక్షి" అంది సాలమ్మ. "ముందు రెండూ వాటంతట అవి చెప్పినాయి. గంగమ్మకు నీ మిడిసిపాటు నచ్చలేదురా. నేను రాను."

ఆమె చెప్పిన కారణం తప్పు. మాట మాత్రం నిజం. మనుషుల్లో ఈ వింత నేను చాలాసార్లు చూశాను, దారి తప్పి వచ్చి కూడా సరైన ఇంటి తలుపే తడతారు.

"నువ్వు రావద్దులే. ఊరి చుట్టూ ఒక్క చుట్టు తిరిగొస్తా. బండి ఎట్లుందో నువ్వే చూద్దువు" అని ఓబులేసు ఒక్కడే పాటలు పెద్దగా పెట్టి బండిని దూకించాడు. వీధి మొగన మురుగుకాలవ ఉంది. దాని మీది బండ పక్కన చిన్న గుంత. ఎడమ చక్రం అందులో దిగింది.

నేను కావాలనే ఊడిపడ్డానని మీరు అనుకుంటే అది నాకు గౌరవమే. కానీ నా చేతిలో ఏమీ లేదు, నాకు చేతులే లేవు. పురికొస తెగింది, సైకిలు ట్యూబు జారింది, నేను గిన్నెలోంచి బయటికి వచ్చాను. చక్రం మడుచుకుపోయి మడ్‌గార్డుకు తగులుకుంది. బండి ఎడమ మోకాలి మీద కూలబడింది. అంత ఎత్తు బండి కన్నుమూసి తెరిచేలోగా పొట్టిదైపోయింది. పాట మాత్రం ఆగలేదు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓబులేసు దిగాడు. పాట ఆపి వచ్చాడు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, మొదటిసారిగా, పంచె సంగతి మరిచి వంగి చూశాడు. ఇన్నేళ్లకు ఒక మనిషి మొహం నాకు ఎదురుగా కనబడింది. చెమట పట్టిన మొహం, ఒక బొట్టు నా మీద పడింది. అతను నన్ను వేలితో తాకి, తలెత్తి కొండవైపు చూశాడు. మూడో మలుపు ఇక్కడికి గీతలా కనిపిస్తుంది.

కొండప్ప జీపు దిగి వచ్చాడు. నోట్లో ఒక ఎగతాళి సిద్ధంగా ఉంది, నాకు దాని అంచు కనబడింది. చక్రాన్ని చూసి దాన్ని మింగేశాడు.

"మాయమ్మను ఎక్కించుకుని ఉంటే ఏమైతాండె బావా" అన్నాడు, మెల్లగా.

"ఎక్కలేదు గదరా" అంది వెనకనుంచి సాలమ్మ. "ఇద్దరూ గమ్మునుండండి. ఇప్పుడు గంగమ్మ దగ్గరికి ఎట్ల పోదాం? ఆ మాట చెప్పండి."

మా బండి మొగకు అడ్డం కూలబడటంతో కొండప్ప జీపూ లోపలే చిక్కింది. చివరికి అవతలి వీధిలోని ట్రాక్టరు తెప్పించారు. సాలమ్మను ముక్కాలిపీట మీద నిలబెట్టి, అల్లుడు ఒక చెయ్యి, కొడుకు ఒక చెయ్యి పట్టి ట్రాలీలో ఎక్కించి, బొంత పరిచి కూర్చోబెట్టారు. తాబేలురాయి దాకా పోయి, ట్రాలీ దాన్ని దాటలేక, అక్కణ్ణుంచి ఇద్దరూ చేతులు కలిపి కుర్చీలా కట్టి ఆమెను మోసుకుపోయారట. ఓబులేసు ఒట్టు తీరింది, కాలు నేల మీద పెట్టనీయలేదు. ఇవన్నీ నేను తర్వాత విన్నవి. ఆ రోజంతా నేను కాలవ పక్కన ఎండలో ఉన్నాను.

జాతర దాటాక వలి వచ్చాడు, కొత్త సామాన్లతో. ఈసారి రెండువైపులా జాయింట్లు, బుష్షులు అన్నీ మార్చాడు.

"నేను చెప్తి గదన్నా" అన్నాడు.

"చెప్తివి. చెప్పి చేస్తివి గూడా" అన్నాడు ఓబులేసు. వలి మాట మార్చి స్పానరు అడిగాడు.

"ఆ బిళ్లలు తీసెయ్ వలీ."

"ఇప్పుడు ఉంచొచ్చన్నా, కాళ్లు గట్టిపడినాయి."

"తీసెయ్. మాయత్త ఎక్కలేదు."

మరి తాబేలురాయి? జాతరైన వారానికి బావా బామ్మర్దీ రెండు గడ్డపారలు, ఒక సమ్మెట తీసుకుని పోయి దాన్ని పగలగొట్టి లోయలోకి దొర్లించారు. ఒక మధ్యాహ్నం పని. అది అందరి దారిలో ఉన్న రాయి కాబట్టి అంతకాలం ఎవరి పనీ కాలేదు.

నన్ను వలి పాత ఇనుపసామాన్ల డబ్బాలో వేయబోయాడు. సాలమ్మ చెయ్యి చాపింది. నా మెడ చివర పిన్ను పెట్టే చిన్న కంత ఉంటుంది. ఆమె సూదిలో దారం ఎక్కించినట్టు అందులోంచి తీగ దూర్చి, కింద ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు గుచ్చి, బండి ముందు బంపరుకు కట్టించింది.

"పెయింటు పోతాది అవ్వా" అన్నాడు వలి.

"పోనీ" అంది.

ఇప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇన్నాళ్లూ చీకట్లో పక్కకు చూస్తూ బతికినదాన్ని, దారిని ఎదురుగా చూస్తున్నాను. నిమ్మకాయ వారానికొకటి మారుతుంది, నేను మారను. గుంత వస్తే బంపరుకు తగిలి టక్కుమంటాను. అదే పాత టక్కు. ఓబులేసు వెంటనే పాట తగ్గిస్తాడు. బండి ఆపి, దిగి, పంచె ఎగగట్టి, వంగి కిందికి చూస్తాడు. ఆ చప్పుడు నాదేనని అతనికి తెలుసు. అయినా చూస్తాడు.

"ఏం లేదులేరా, పద" అంటుంది సాలమ్మ సీట్లోంచి.

కింద నా స్థానంలో కొత్త జాయింటు మెరుపంతా ముసుగులో దాచుకుని కూర్చుని ఉంటుంది. ఓబులేసు వంగిన ప్రతిసారీ దానికి ఒక మనిషి మొహం కనబడుతుంది. అదృష్టవంతురాలు. ఆ చోట ఉన్నంతకాలం నాకు ఒక్కసారే కనబడింది.