పరుపునత్త చెయ్యి

ఆ లోకపు సముద్రంలో చేపలు ఎప్పుడో అంతరించిపోయాయి. వాటి ఉద్యోగాలన్నీ నత్తలు పంచుకున్నాయి. ఈదేవీ నత్తలే, ఈదేవాటిని తినేవీ నత్తలే. అన్నిటిలోకీ బద్ధకస్తురాలు పరుపునత్త. మంచమంత ఒళ్లు ఇసుకలో కప్పెట్టుకుని, నెత్తిమీది కొమ్ము ఒక్కటి బయటపెట్టి ఆడిస్తూ పడుకుంటుంది. ఏదో మేత కదులుతోందని ఆశపడి వచ్చినవాటిని గుటుక్కున మింగేస్తుంది.

దాని పిల్లల్ని పట్టి అమ్ముకునే కుటుంబంలో కోడలు వదిన. పెళ్లికి ముందు ఆమె సముద్రం మొహం ఎరగదు. ఆరేళ్లుగా పడవ మీదే ఉంటున్నా నీళ్లలో కాలు పెట్టలేదు. పడవ గదిలో బల్ల ముందు నిలబడి నత్తపిల్లల్ని కోయడం ఆమె పని. ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగేది, ఆమెను వదినా అని పిలిచే ఆడపడుచు. నడక రాకముందే మునకలు వేసిందని అందరూ బుడుంగు అంటారు. పైన తాడు పట్టుకునేది మామగారు.

రెండేళ్ల క్రితం వరకూ వదిన మొగుడు కూడా దిగేవాడు. ఒకరోజు తాడు ఒక్కటే పైకి వచ్చింది. తెగలేదు, విప్పి ఉంది. కింద ఎవరైనా పిడికిలి రెండుసార్లు మూసి తెరిస్తే ఆపదలో ఉన్నట్టు లెక్క. చూసినవాళ్లు తమ నడుముకున్న తాడు విప్పి ఆ మణికట్టుకి కట్టాలి. అది ఆ పనిలో అందరూ ప్రాణంలా చూసుకునే కట్టుబాటు. చుట్టూ పడవలు చాలానే ఉంటాయి కాబట్టి, ఎవరినో కాపాడబోయి పోయాడని అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ఎవరినని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ పొద్దున వదిన సీసాల బీరువా తుడుస్తోంది. ఆ ఇంట్లో ఎవరు మొదటిసారి దిగినా, వాళ్లు పట్టిన మొదటి నత్త కొమ్ము ఎలా ఉన్నా కోసి, మందు పోసిన సీసాలో దాస్తారు. మిగతావాటి సంగతి వేరు. కొమ్ము చేతిలా కనిపిస్తే ఆ పిల్లను కోయరు, తిరిగి నీళ్లలో వదిలేస్తారు. "మనిషి చెయ్యిలాంటిదాన్ని కోసుకు తింటామా తల్లీ? మా తాతల నాటి నుంచీ లేదు," అనేవారు మామగారు. ఆ మాట విన్నప్పుడల్లా ఎంత దయగల ఇంటికి వచ్చానని వదిన మురిసిపోయేది.

గుమ్మంలోంచి బుడుంగు తడి తల లోపలికి పెట్టింది. "వదినా, బండ పక్కన ఎవరిదో చెయ్యి కనిపించింది. ఊపిరి చాలక వచ్చేశాను. మళ్లీ దిగుతున్నా."

"జాగ్రత్త," అంది వదిన తల ఎత్తకుండానే.

తుడిచిన సీసాలను వయసు వరసలో పెట్టింది. మామగారి తాతది అల్లం ముక్కలా ఉంది. ఆయన నాన్నదానికి మూడు బుడిపెలు. మామగారిదానికి ఐదు వేళ్లు, కాస్త వంకరగా. మొగుడిదానికి బొటనవేలు విడిగా ఉంది. బుడుంగుదానికి గోళ్లున్నాయి.

వదిన గుడ్డ అక్కడే వదిలేసింది. ఇన్నేళ్లూ తను కోసినవన్నీ చేతిలా లేనివి. చేతిలా ఉన్నవి బతికాయి, ఏటేటా పిల్లల్ని పెట్టాయి. ఏరి ఏరి పెంచింది ఈ ఇల్లే.

బల్ల కింద తొట్టిలో వదిలేయాల్సిన పిల్ల ఒకటుంది. నీళ్లలోంచి దాని కొమ్ము నిదానంగా పైకి లేచింది. పిడికిలి మూసుకుంది, తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది, తెరుచుకుంది.

మోచెయ్యి తగిలి ఒక సీసా ఎప్పుడు పగిలిందో వదినకు తెలియదు. అప్పటికే ఆమె బయట ఉంది.

"మామయ్యా, లాగండి."

"ఇప్పుడేగా దిగింది."

"అది మనిషి చెయ్యి కాదు మామయ్యా. లాగండి."

ఆయన నోరు తెరుచుకుని చూస్తుంటే ఆమే తాడు అందుకుని లాగింది. అరచేతులు చీరుకుపోయాయి. ఆయన కూడా పట్టు వేశారు. తాడు ఇంచి ఇంచిగా వస్తోంది.

"మన పిల్ల ఇంత బరువుండదే," అన్నారు మామగారు.

ముందు చెయ్యి తేలింది. మణికట్టుకి ఆ ఇంటివాళ్లు వేసే ముడి, ఎక్కడా వంక లేకుండా కట్టి ఉంది. మోచెయ్యి ఉండాల్సిన చోట మనిషి లేడు. ఇసుక రంగు ఒళ్లు మంచమంత వెడల్పున నీళ్లపైకి వచ్చి, నడిమికి నోరుగా చీలింది. ఆ నోట్లో ఓ మనిషి హాయిగా పడుకోవచ్చు. వదిన తాడు మాత్రం వదల్లేదు.

పడవకు అవతలి వైపు నీళ్లు చిందాయి. మామగారు తాడును గుంజకు చుట్టేసి పరుగెత్తి, బుడుంగును చంకల కింద పట్టి పైకి లాగారు. ఆ పిల్ల రొప్పుతూనే నవ్వుతోంది.

"ముడి వేశానో లేదో లాగేశారు. వాళ్ల నడుం పట్టుకుని నేనూ పైకి వద్దామనుకున్నా. ఎవరు వదినా? బతికే ఉన్నారా?"

రెండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. వదిన పక్కకు జరిగి చూడనిచ్చింది. బుడుంగు మొహంలో నవ్వు పోవడానికి కొంతసేపు పట్టింది.

"మీ అన్నయ్య తాడు విప్పిందీ ఇలాంటిదాని కోసమే," అంది వదిన. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది.

మామగారి వేళ్లు అలవాటు కొద్దీ ముడి వైపు వెళ్లాయి, విప్పి వదిలేయడానికి.

"వద్దు మామయ్యా. మనం వదిలినవే ఇవి."

ఆయన వేళ్లు ఆగిపోయాయి. కోడలి మొహం, కూతురి మొహం మార్చి మార్చి చూశారు. "కత్తి ఇలా తెచ్చివ్వమ్మా," అన్నారు చివరికి.

వదిన కత్తి తెచ్చేలోగా ఆ చెయ్యి తాడు చివర మరోసారి మూసుకుని తెరుచుకుంది, రెండుసార్లు. ముగ్గురికీ అదేమిటో తెలుసు. అయినా బుడుంగు వేళ్లు తన నడుము దగ్గర తాడు కోసం తడుముకున్నాయి.