నాడి చూసిన చెయ్యి

బొటనవేలితో నాడి చూడకూడదు. దానికి సొంత నాడి ఉంటుంది, అది రోగిదే అనుకుని మోసపోతారు. మూడు వేళ్లు ఆనించి చూడాలి. ప్రేమమణి సిస్టర్ ఈ పాఠం చెప్పిన మర్నాడు, నర్సు పని నేర్చుకునే పిల్లలందరికంటే ముందు గడగడా అప్పజెప్పింది దేవకృపే. మిషన్ బడి పంతులు జకర్యా గారి కూతురు మరి, అప్పజెప్పడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

పోలీసు చర్య ముగిసి, సికింద్రాబాదు రోడ్ల మీద సైన్యం లారీలు తిరుగుతున్న రోజులవి. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. ఆ వరండా చివర యాకూబ్ అనే యువకుడు తొడలో తూటా గాయంతో పడి ఉన్నాడు. గాయం చీము పట్టి ఒళ్లు కాలిపోతోంది. అతను రజాకారని వార్డంతా అనుకున్నారు. ఎవరు చూశారో, మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. నిజం కాళ్లు తొడుక్కునేలోగా పుకారు ఊరు చుట్టి వస్తుంది కదా. పక్కవాళ్లు చాపలు దూరంగా లాక్కున్నారు. ఆయా సైతం నీళ్ల చెంబు అందనంత దూరంలో పెట్టి పోయేది.

దేవకృపకు రజాకారన్న మాట వింటేనే ఒళ్లు మండేది. ఆ ఎండాకాలం బోయిగూడలో, నలుగురూ చూస్తుండగా, ఒక రజాకారు ఆమె తండ్రిని చెంప మీద కొట్టాడు. సలాము చెయ్యలేదట. కళ్లద్దాలు మోరీ కాలవలో పడితే ఆయన మోకాళ్ల మీద కూర్చుని వెతుక్కున్నాడు. ఆ రాత్రి ఇంట్లో శత్రువుల కోసం ప్రార్థన చేయించాడు కూడా. కూతురు కళ్లయితే మూసుకుంది గానీ ఆమెన్ అనలేదు.

ఒక మధ్యాహ్నం యాకూబ్ తల్లి ఖైరూన్ బీ దేవకృపను పిలిచింది. కర్ఫ్యూ పెట్టకముందే కార్ఖానా బస్తీకి పోయి కోడల్ని తీసుకురావాలని ఆమె ఆత్రం. కొడుకును వదిలి కదలాలంటే భయం.

"బేటీ, జెర నాడి చూసి చెప్పు. నేను పోవాల్నా, వాని దగ్గర్నే ఉండాల్నా?"

దేవకృప వంగింది. చెమటతో జిగటగా ఉన్న ఆ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించబుద్ధి కాలేదు. చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుంది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నాడి బలంగా, వరస తప్పకుండా ఆడుతోంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదీ సంగతి.

"మంచిగనే ఉంది. పోయి రా" అని చెప్పి, చేతిని కొంగుకు తుడుచుకుంది.

ఖైరూన్ బీ కొడుకు నుదుటి మీద ముద్దు పెట్టి, బురఖా సర్దుకుని గబగబా వెళ్లిపోయింది.

కాసేపటికి అటు వచ్చిన ప్రేమమణి సిస్టర్ యాకూబ్ ముఖం చూసి ఆగింది. మణికట్టు పట్టుకుని చూసింది. మెడ దగ్గర చూసింది. డాక్టరు కోసం మనిషిని పరుగెత్తించి, ఇంతకుముందు నాడి ఎవరు చూశారని అడిగింది. దేవకృప ముందుకు వచ్చింది. ఎలా పట్టుకున్నావో చూపించమంటే చూపించింది. చూపిస్తుండగానే ఆమెకు అర్థమైపోయింది.

సిస్టర్ కేకలు వెయ్యలేదు. "నువ్వు లెక్కపెట్టింది నీ గుండెనే. కూర్చో. ఇప్పుడు సరిగ్గా పట్టుకో" అంది.

దేవకృప నేల మీద కూర్చుని మూడు వేళ్లు ఆనించింది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత దారమంత సన్నగా ఏదో తగిలింది, తప్పిపోయింది, మళ్లీ తగిలింది. ఆ తల్లి ఎంత దూరం పోయి ఉంటుందో అనుకుంటూ గేటు వైపు చూసింది. డాక్టరు వచ్చి సూది వేశాడు. యాకూబ్ కళ్లు తెరిచి "అమ్మీ" అన్నాడు. పంపించేశానని ఎలా చెబుతుంది? ఆమె వేళ్ల కింద ఆ దారం ఒకసారి ఆగి, కదిలి, ఇక కదల్లేదు.

దేవకృపకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. ఎవరైనా వచ్చి నలుగురిలో చెంప పగలగొడితే బాగుండుననిపించింది. ఎవరూ కొట్టలేదు.

ఖైరూన్ బీ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి యాకూబ్ ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. తర్వాత ఆమె, ఆఖరి ఘడియలో కొడుకు దగ్గర ఎవరైనా ఉన్నారా అని అడిగింది. సిస్టర్ దేవకృప వైపు చూసి, అతని చెయ్యి పట్టుకుని ఈ పిల్లే ఉందని చెప్పింది. అది అబద్ధం కాదు.

తనను పొమ్మన్నది ఈ పిల్లేనన్న మాట ఖైరూన్ బీ ఎత్తనే లేదు. దేవకృప కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకు అద్దుకుంది.

"అందరు మావోనికి దూరం దూరం జరిగిన్రు బేటీ. నువ్వొక్కదానివే ముట్టుకున్నవ్. అల్లా నిన్ను సల్లగుంచాలె."

దేవకృపకు ఆ చెయ్యి వెనక్కి లాక్కునే ధైర్యం రాలేదు.