బౌండరీకి వల తాడు

నలభై మూడు పరుగులు. ఇరవై ఓవర్లు చేతిలో పెట్టుకుని, పట్నం నుంచి వచ్చిన బడా బజార్ టీమ్ చేసిన ఘనకార్యం అంత. ఇప్పుడు దాన్ని కాపాడుకోవడానికి సముద్రపొడ్డున, ఆ ఇసక మైదానంలో, ఎండకి గుడ్లు తేలేస్తున్నారు. వాళ్ళలో ప్రేమ్ ఒక్కడే ఆ ఊరి మత్స్యకారుల బిడ్డ. డబ్బులిచ్చి తెచ్చుకున్న బౌలరు.

మిగతావాళ్ళకి ఓడితే పోయేది కప్పే. ప్రేమ్ సంగతి అలా కాదు. "ఈ పైనల్ గెలిస్తే సీజనంతా నువ్వు మాతోనే. ఓడితే మరి నన్నేటీ అడక్కు," అని కెప్టెన్ శ్రీను పొద్దున్నే తేల్చేశాడు. ఓడితే మళ్ళీ నెలల తరబడి మంగుళూరు చేపల బోట్లే గతి. పోయినసారి పెద్దబిడ్డ పుట్టినప్పుడు దాని ఏడుపు ఫోన్లో విన్నాడు. ఈసారి కాన్పుకి పక్కనే ఉంటానని పెళ్ళాం బేబీకి మాటిచ్చాడు. నెలలు నిండిన బేబీ బౌండరీ అవతల ఆడవాళ్ళ మధ్య కూర్చుని, చీర కొంగు నములుతూ వాడినే చూస్తోంది.

బౌండరీ అంటే సున్నం గీత కాదు. ఊరి కమిటీవాళ్ళు పాత పెద్దవల తాడు తెచ్చి చుట్టూ పరిచారు. పట్నం ఆటగాళ్ళు బూట్లతో దాన్ని తొక్కుకుంటూ తిరుగుతుంటే ప్రేమ్‌కి ఒళ్ళు మండింది. అన్నం పెట్టే తాడది. కాలు తగిలితే ముట్టుకుని కళ్ళకద్దుకోవాలని ఆ ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు.

ఎదుటి భంజనగర్ జట్టు తొమ్మిది వికెట్లకి ముప్పై ఎనిమిది. మిగిలింది ఒక్క బంతి. సిక్సర్ పడితే వాళ్ళది, ఇంకేమైనా బడా బజార్‌దే. ప్రేమ్ ఓవర్లు అయిపోయాయి కనక శ్రీనే బంతి అందుకున్నాడు. ప్రేమ్ తాడుకి కాస్త ఇవతల ఫీల్డింగుకి నిలబడ్డాడు.

బంతి లేచింది. సరిగ్గా వాడి వైపే.

కళ్ళలో ఎండ. వెనక్కి, ఇంకా వెనక్కి పరిగెత్తి గాల్లోకి ఎగిరాడు. బంతి ఎడమ చేతిలో అతుక్కుపోయింది. దిగేటప్పుడు మడమకి ఏదో గరుకుగా రాసుకుంది. ఇసక లేచి ఎవరికీ ఏమీ కనపడలేదు. శ్రీను అరుస్తూ పరిగెత్తుకొచ్చేస్తున్నాడు. బేబీ ఏడుస్తూ నవ్వుతోంది. అటువైపు అంపైర్ దేముడు అవుటివ్వడానికి వేలు సగం ఎత్తాడు.

ప్రేమ్ వంగాడు. కుడిచేత్తో తాడు ముట్టుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు.

తెలిసి చేసిన పని కాదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. దేముడు ఇప్పుడు ఛత్రపూర్‌లో డ్రిల్లు మాస్టారే గానీ, పుట్టి పెరిగింది పక్క రేవులోనే. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏటైంది? తగల్లేదని సెప్పరా!" శ్రీను వాడి భుజాలు పట్టి ఊపేస్తున్నాడు. ప్రేమ్ చూపు తాడు మీదే ఉంది.

"ఆడింకేటి సెప్తాడు బాబూ," అన్నాడు దేముడు నీరసంగా. "తాడుకి మొక్కినప్పుడే సెప్పేసినాడు కదా."

రెండు చేతులూ పైకెత్తాడు. సిక్సర్.

భంజనగర్‌వాళ్ళు గంతులేస్తూ పిచ్ మీదకి ఉరికారు. శ్రీను వాడి చేతిలోంచి బంతి లాక్కుని వెళ్ళిపోయాడు. ప్రేమ్ అక్కడే చతికిలబడ్డాడు.

బేబీ ఆయాసపడుతూ లేచి వాడి మీదకి వచ్చింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

"నీ కాలు తగిల్నట్టు ఒక్కలికీ కనిపించనేదు! ఎవులు మొక్కమన్నారు నిన్ను? కాసేపు ఆగలేకపోయినావా? ఎల్లు, ఆ బోట్లమీదకే ఎల్లిపో! ఈ బిడ్డ ఏడుపు కూడా ఫోన్లోనే..."

ఆ విసురులో ఆమె పాదం తాడుకి తగిలింది. తిట్టు మధ్యలో ఆగింది. నిండు పొట్ట పట్టుకుని, కష్టంగా వంగి, తాడు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

తర్వాత వాడి పక్కనే కూలబడి, ఆపిన చోటి నుంచి మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.