ఆవకాయ జాడీలో చాక్లెట్లు

నేను ఒక జాడీని. పైన గోధుమరంగు, కింద మీగడరంగు, నడుం దగ్గర కాస్త లావు. ఎవరినీ ఒక పట్టాన నమ్మను. అది నా తప్పు కాదు, నా పెంపకం అలాంటిది.

బంకమట్టిగా ఉన్న నన్ను ఎవరో తొక్కి, సారె మీద తిప్పి, మెరుగు పూసి బట్టీలో కాల్చారు. ఆ వేడికి నా పక్కనున్నవి కొన్ని ఠాప్‌మని పగిలాయి. నేను మిగిలాను. సంతలో పేరిందేవమ్మ అనే ఆవిడ నన్ను ఎత్తి, వేలి కణుపుతో కొట్టి, ఎక్కడన్నా బీటుందేమోనని చెవి ఒగ్గి విన్నది. అమ్మేవాడు "బంగారం లాంటి జాడీ తల్లీ" అంటే, "బంగారమే అయితే నువ్వే దాచుకుందువుగా" అంది. అలాంటి మనిషి ఇంట్లో పెరిగాను నేను.

ఆవిడకు లోకంలో అందరికన్నా పెద్ద శత్రువు తడిచెయ్యి. ఊరగాయకు నీటిచుక్క తగిలితే బూజు పడుతుంది కదా. అందుకని నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు చేతులు చూసేది. తీసుకోవడం అయ్యాక నా మూతికి ఉతికిన తెల్లగుడ్డ కప్పి, తాడు చుట్టి, గట్టిగా ముడి వేసేది. ఆ గుడ్డని వాసెన అంటారు. ఆవిడ వేసే ముడి ఒక వింత. విప్పడం ఎవరైనా విప్పొచ్చు, మళ్ళీ అలా కట్టడం మాత్రం ఎవరివల్లా కాదు. పిల్లలెవరైనా దొంగతనంగా ఆవకాయ ముక్క తీశారో, ముడే వాళ్ళను పట్టిచ్చేది. ఆ ముడి ఆవిడ తన కోడలు రాజ్యలక్ష్మికి నేర్పింది. రాజ్యలక్ష్మి తన కోడలు హిమబిందుకు నేర్పబోతే, "ఏదో ఒక ముడి లెండి అత్తయ్యా, ఇప్పుడెవరు దొంగతనం చేస్తారు" అని ఆ అమ్మాయి నవ్వేసింది. అప్పుడే నా గుండెలో రాయి పడింది.

ఇప్పుడు నేను హైదరాబాదులో, చుట్టూ గోడా గేటూ ఉన్న అపార్ట్‌మెంట్లలో, తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాను. హిమబిందు, ఆమె భర్త శ్రీవత్స, అత్తగారు రాజ్యలక్ష్మి, పదకొండేళ్ళ సాకేత్, అయిదేళ్ళ లాస్య. అయిదుగురే. అయిదుగురి మీదా నాకు అనుమానమే.

ఆ అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఇంట్లోకి దయ్యాలు వచ్చాయి. సాకేత్ తన అమ్మ నల్లచున్నీ కప్పుకుని, మూతికి ఎర్రరంగు పూసుకున్నాడు. లాస్య తెల్లదుప్పటికి రెండు చిల్లులు పెట్టించుకుని, అందులోంచి గుడ్లు మిటకరిస్తోంది. తియ్యగుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెట్టారు. హాలోవీన్ అట. అపార్ట్‌మెంట్లలో పిల్లలందరూ కట్టగట్టుకుని తలుపు తలుపూ కొట్టి చాక్లెట్లు అడుగుతారట.

"గడపకి దిష్టి తీసే గుమ్మడికాయకి దీపం పెట్టి, పిల్లల్ని దయ్యాల్ని చేసి, ఊరి మీదకి అడుక్కోడానికి పంపిస్తున్నారా! బావుందమ్మా పండగ," అంది రాజ్యలక్ష్మి. అంటూనే ఆ కాయలోంచి తీసిన గుజ్జు పారెయ్యనివ్వకుండా గిన్నెలోకి ఎత్తి, మర్నాడు దప్పళం పెట్టింది. అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.

పిల్లలు సంచులు నింపుకుని తిరిగొచ్చారు. హిమబిందు ఆ చాక్లెట్లన్నీ భోజనాలబల్ల మీద కుమ్మరించి ఏరడానికి కూర్చుంది. సరదాకి కాదు. లాస్యకు వేరుశనగ పడదు. కిందటేడు ఎవరి పుట్టినరోజుకో వెళ్ళి ఒక పల్లీచెక్క కొరికితే, పెదాలు వాచి, ఊపిరందక, ఆసుపత్రికి చేరేలోపు పిల్ల నీలంగా అయిపోయింది. అప్పట్నుంచీ హిమబిందు ఏ పొట్లం మీద ఏం రాసుందో కళ్ళు చికిలించి చదువుతుంది, చదివాక వాసన చూస్తుంది, అప్పటికీ సందేహమే. ఆ సందేహం చూసి నాకు ఆమె మీద మొదటిసారి గౌరవం కలిగింది.

పల్లీలున్నవీ, రాత లేనివీ ఏరి అవతల పారేసింది. మిగిలినవి ఎక్కడ దాచాలి? డబ్బాలన్నీ పిల్లలకు తెలుసు. వేసవిలో పెట్టిన ఆవకాయ అయిపోయి, కడిగి ఆరబెట్టిన నేను అటక మీద ఖాళీగా ఉన్నాను. నన్ను దింపి, చాక్లెట్లు నాలో పోసి, వంటింటి గట్టు మీద పెట్టి వాసెన కట్టింది. బూట్ల తాళ్ళకు వేసే మామూలు ముడి.

"ఇందులో ఉన్నదేదైనా లాస్య తినొచ్చు. ఇందులో లేనిది ఏదీ తినకూడదు. రోజూ అన్నాలయ్యాక చెరొకటి. నేనే తీసిస్తాను, ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు," అని చెప్పింది.

ఎప్పుడూ ఉప్పూకారం మోసినవాణ్ణి, ముసలితనంలో ఇలా తీపికి కాపలా కాయాల్సి వచ్చింది. సిగ్గేసింది. అయినా ఒక పసిదాని ప్రాణం నా పొట్టను నమ్ముకుంది కదా అని ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాను. నాకు తెలిసి నాలో ఒక్క లోపమే ఉంది. ఎంత కడిగినా నాలోంచి ఆవపిండి వాసన పోదు. రెండు రోజులకల్లా చాక్లెట్లన్నీ ఆవకాయ వాసన కొట్టడం మొదలెట్టాయి. పిల్లలు ముఖాలు చిట్లించుకుంటూనే తినేవారు.

మొదటి దొంగ ఎవరో చెప్పమంటారా? హిమబిందే. మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ చూడకుండా ఒకటి తీసి నోట్లో వేసుకుంది. ఒకటే. నేను గమనించి ఊరుకున్నాను.

అసలు దొంగ శ్రీవత్స. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి కాఫీ డికాక్షన్ దిగేలోపు ముడి విప్పేవాడు. ఒకటి, మరొకటి, పైన ఇంకొకటి. తిన్న కాగితం జేబులో కుక్కుకుని, తర్వాత ఎక్కడ పడితే అక్కడ పడేసేవాడు. మామూలు ముడి కనక మామూలుగానే కట్టేసేవాడు. పేరిందేవమ్మ ముడే ఉంటే ఈ మనవడు మొదటిరోజే దొరికిపోయి ఉండేవాడు.

సరుకు తగ్గుతోందని హిమబిందు కనిపెట్టింది. ఎవరినీ ఏమీ అనకుండా అందరి నోళ్ళకేసీ చూడ్డం మొదలెట్టింది. ఒకరోజు సాకేత్ గదిలో చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే ఒక చాక్లెట్ కాగితం దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవపిండి వాసన. నా వాసనే.

తిన్నగా బల్ల దగ్గరికి వచ్చింది. అందరూ భోంచేస్తున్నారు.

"సాకేత్, చెయ్యి చూపించు."

వాడు చెయ్యి చాచాడు. వాసన చూసింది.

"తీశావా?"

"లేదమ్మా."

"ఆవపిండి వాసనొస్తోంది."

"ఆవకాయన్నం తింటున్నానమ్మా!"

నిజమే. కొట్లో కొన్న ఆవకాయ సీసా ఎదురుగానే ఉంది. కానీ అనుమానం పట్టుకున్నవాళ్ళకు అడ్డొచ్చే నిజం ఒక్కటీ కనబడదు. అందులో నాకన్నా అనుభవం ఎవరికుంది?

"మరి నీ బుట్టలో కాగితం ఎలా వచ్చిందిరా? నానమ్మ తినిందా?"

"నా పేరెందుకు తెస్తావమ్మాయ్? షుగరు మాత్రలు మింగి చస్తున్నాను," అంది రాజ్యలక్ష్మి నొచ్చుకుంటూ.

శ్రీవత్స తలొంచుకుని పెరుగన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు. నాకు గనక చేతులుంటే ఆ కంచం లాక్కునేవాణ్ణి.

సాకేత్‌కు చాక్లెట్లు బంద్ అయ్యాయి. అదేం పెద్ద శిక్ష కాదు. లాస్య వాణ్ణి చూసినప్పుడల్లా "అమ్మా, అన్నయ్య జాడీ దగ్గరికెళ్తున్నాడు" అని అరిచేది. వాడు మంచినీళ్ళ కోసం వచ్చినా అరిచేది. దాంతో వాడు వంటింట్లోకి రావడమే మానేశాడు. అమ్మ ఏమడిగినా "ఊఁ", "ఊహూఁ" తప్ప మాట లేదు. ఒకసారి హాల్లో నానమ్మతో వాడన్న మాట నా చెవిన పడింది.

"నేను తియ్యలేదు నానమ్మా. అమ్మ నమ్మట్లేదు. ఇంక నేనేం చెప్పినా నమ్మదు."

ఆ మాట నన్ను పొడిచింది. అన్నేళ్ళ నా అనుమానం ఎవరినీ ఇలా ఏడిపించలేదు. లేక ఏడిపించిందేమో, నాకే తెలియలేదేమో.

తర్వాత జరిగింది నా జన్మలో చూడనిది. ఒక పొద్దున నాలో సరుకు పెరిగింది. కొడుకు మొహం చూళ్ళేక కాబోలు, శ్రీవత్స తిన్నవి తిరిగి నింపాడు. ఆఫీసులో, వచ్చినవాళ్ళ కోసం ముందుగదిలో గిన్నెలో పెట్టే చాక్లెట్లు గుప్పెడు తెచ్చి నాలో పోశాడు. కొనలేదు, చదవలేదు, ఏమున్నాయో చూడలేదు. మనుషులు తప్పు దిద్దుకోవడానికి కూడా దగ్గరిదారే వెతుక్కుంటారు.

వాటిలో ఒకటి బంగారు కాగితంలో చుట్టినది. రాత లేదు. అది నా అడుగుకు తగలగానే నేను ఉలిక్కిపడ్డాను. వేయించిన పల్లీల వాసన. పైకి సన్నగా, లోపల చిక్కగా. నేను చెప్పలేను, అరవలేను, దాన్ని బయటికి ఉమ్మలేను. ఇందులో ఉన్నదేదైనా లాస్య తినొచ్చు అన్న మాట నా నెత్తిమీద అలాగే ఉంది.

అదే రోజు హిమబిందు చెయ్యి పెట్టినప్పుడు సరుకు పెరిగినట్టు తెలిసింది. ఆమె ఆగి, ఆలోచించి, అత్తగారితో గొంతు తగ్గించి అంది: "చూశారా అత్తయ్యా, వాడే కొనుక్కొచ్చి పెట్టాడు. తప్పు తెలుసుకున్నాడు. ఏమీ అడక్కండి, పాపం. రాత్రి పిల్లలకిచ్చేముందు నేనే చదివి ఏరతాను."

తగ్గినా వాడే, పెరిగినా వాడే. ఓరి దేవుడా అనుకున్నాను.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక హిమబిందు నన్ను బల్ల మీదికి తెచ్చి వాసెన విప్పింది. ఫోన్ మోగితే అటు తిరిగింది. లాస్య ఆగలేక చెయ్యి దూర్చి, మెరిసేదాన్ని ఏరి, కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మా! ఇది మంచిది! ఆవకాయ వాసన రావట్లేదు!"

హిమబిందు ఫోన్ వదిలేసింది. అది నేలమీద పడి జారింది. ఒక్క అంగలో వచ్చి పిల్ల పెదాల దగ్గరనుంచి చాక్లెట్ లాక్కుంది. రెండుగా విరిచింది. మధ్యలో పల్లీ పలుకు.

"తిన్నావా? నాకావా? నోరు తెరు!"

లాస్య బిక్కమొహం వేసి నోరు తెరిచింది. ఏమీ లేదు. హిమబిందు పిల్ల చేతులు కడిగింది, మూతి కడిగింది, మళ్ళీ కడిగింది. కడుగుతూనే సాకేత్ వైపు తిరిగింది.

"ఎక్కణ్ణుంచి తెచ్చావురా ఇది? చెల్లికి పడదని నీకు తెలీదా? చంపేద్దామనుకున్నావా దాన్ని?"

సాకేత్ మొహం పాలిపోయింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఏం చెప్పినా నమ్మదని వాడికి ముందే తెలుసు కదా.

శ్రీవత్స కుర్చీ కిర్రుమంది.

"వాణ్ణేమీ అనకు బిందూ. నేనే. తిన్నదీ నేనే, పెట్టిందీ నేనే. ఆఫీసులోంచి తెచ్చాను. చూళ్ళేదు."

కొళాయి కారుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు. హిమబిందు అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నేను వాడి చెయ్యి వాసన చూసిన రోజు మీరిక్కడే ఉన్నారుగా," అంది.

శ్రీవత్స లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"లేచి చెప్పు," అంది రాజ్యలక్ష్మి కొడుకుతో. "నాకు కాదు, నీ పెళ్ళానికి కాదు. వాడికి చెప్పు."

శ్రీవత్స లేచి కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పయిపోయింది నాన్నా. నీమీదికి వస్తోందని చూస్తూ కూడా నోరు విప్పలేదు." సాకేత్ తండ్రికేసి చూడలేదు. నాకేసి చూస్తూ నిలబడ్డాడు.

హిమబిందు నన్ను నేలమీద బోర్లించింది. ఉన్నవన్నీ గుట్ట పోసి, ఒక్కొక్కటే వాసన చూడసాగింది. ఆవకాయ వాసన వస్తే ఇటు, రాకపోతే అటు. కొంచెంసేపటికి సాకేత్ వచ్చి ఎదురుగా చతికిలబడి తనూ ఏరడం మొదలెట్టాడు. పని సగమయ్యాక ఆమె తన కుడిచెయ్యి వాడి ముందుకు చాచింది.

"వాసన చూడరా."

"ఎందుకు?"

"మొదటిరోజు నేనూ ఒకటి తిన్నాను. ఎవరూ నా చెయ్యి చూడలేదు. నీ చెయ్యే చూశాను. తప్పు నాది సాకేత్."

వాడు వంగి చూశాడు. "సబ్బు వాసనొస్తోంది," అన్నాడు. ఆమె వాణ్ణి దగ్గరికి లాక్కుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్న ఆ తడిచెయ్యి నా అంచు మీద ఆనింది. నేను ఏమీ అనుకోలేదు.

మిగిలిన చాక్లెట్లు ఇప్పుడు గాజుసీసాలో, అందరికీ కనబడేలా బల్ల మీద ఉన్నాయి. నన్ను కడిగి ఎండబెట్టారు. కార్తీకమాసం ఉసిరికాయలొస్తే రాజ్యలక్ష్మి కారం కలిపి నాలో పెట్టింది. ఉప్పు తగలగానే ప్రాణం లేచొచ్చింది. వాసెన కట్టే వేళకు ఆవిడ కోడల్ని పిలవలేదు, మనవణ్ణి పిలిచింది.

"మీ ముత్తవ్వ ముడి ఇది. ఇలా తిప్పి, ఇటునుంచి లాగు. అదీ."

సాకేత్ నాలిక బయటపెట్టి శ్రద్ధగా కట్టాడు. "సరిగ్గా ఉందా అమ్మా?" అని అడిగాడు.

హిమబిందు చెయ్యి అలవాటు కొద్దీ తాడు దాకా వచ్చింది. ఒక్కసారి లాగి చూస్తే తెలిసిపోయేది. చెయ్యి అక్కడే ఆగి, వెనక్కి వెళ్ళింది.

"ఉంది నాన్నా," అంది.

ముడి కాస్త వదులుగానే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు.