అమ్మ చుట్టూ తిరిగిన తాడు

తాడు బిగిసేదాకా లాగి, భీమక్క మేకును మడమతో తొక్కిపట్టింది. తునికాకు కోసి కోసి నల్లబడిన వేళ్లు, ముళ్లు గీరిన పిక్కలు, ఎప్పుడూ నవ్వడానికి సిద్ధంగా ఉండే నోరు. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది ఈ అడవిలో ఏరిన ఇప్పపూలతోనే. ఇప్పుడు అదే అడవిని కొలిచే సర్వేలో కూలి. భద్రాచలం నుంచి వచ్చిన ప్రసూన మేడం పటంలో గుర్తు పెట్టిన చోటల్లా, ముందు నడిచి తాడుతో చదరం వేయడం ఆమె పని. చదరంలో ఎన్ని రకాల చెట్లుంటే అడవికి అంత మంచి తరగతి.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పాక ప్రసూన నిట్టూర్చింది.

"చెట్ల రకాలు మరీ తక్కువొచ్చాయి. పొదల అడవి అని రాయాల్సి వస్తుందేమో భీమక్కా. అలా రాస్తే కొట్టేసి జామాయిల్ వేస్తారు."

భీమక్క చేతిలోని ముద్దను మూటలో పెట్టేసింది. జామాయిల్ తోటలో ఇప్పపువ్వు ఎక్కడ రాలుతుంది?

"ఓ మాట చెప్త మేడం, కోపం చెయ్యొద్దు. గుర్తు అమ్మవారి వనంల పడ్డప్పుడల్లా చదరం పక్కకు జరిపిన. అమ్మ మీద తాడెట్ల ఏస్తం?"

ఎవరూ గొడ్డలి పెట్టని ఆ వనంలోనే చుట్టుపక్కల కనిపించని చెట్లన్నీ ఉన్నాయి. ప్రసూనకు కోపం రాబోయి నవ్వొచ్చింది.

"అమ్మనే తప్పించేస్తే లెక్కెలా కుదురుతుంది? ఒక్కసారి అడిగి చూడు."

భీమక్క వనం అంచున నిలబడి అమ్మతో కోయ భాషలో చాలాసేపు మాట్లాడింది. బతిమాలింది. కాస్త దెబ్బలాడినట్టు కూడా అనిపించింది.

"ఏమంది?"

"అవ్ అన్నది. కాళ్లకు ఏమీ ఉండొద్దట. ఆకు తెంపొద్దట. తాడు నేలకు తాకొద్దట."

"మరి తాడెక్కడ పెట్టాలి?"

"నెత్తి మీద."

ఒక కొస భీమక్క నెత్తిన, రెండో కొస ప్రసూన నెత్తిన. నీళ్లకుండ ఎత్తుకున్నట్టు మెడ కదపకుండా ఇద్దరూ నడిచారు. భీమక్క ఒక్కో చెట్టునూ పలకరించింది. ఏగిస, జిట్రేగి, తాని, పొణికి. కోయ పేరు చెబితే ప్రసూన నోరు తిరగక తంటాలు పడింది. నవ్వాపుకోలేక తాడు రెండుసార్లు జారబోయింది. సాయంత్రానికి తప్పించిన చదరాలన్నీ పూర్తయ్యాయి.

"మొదటి తరగతి!" ప్రసూన అరిచింది.

పెద్ద కూతురు పుట్టినప్పటి తర్వాత భీమక్కకు ఇంత సంతోషం కలగడం ఇదే. మేడం అన్న సంగతి మరిచి "నా బిడ్డే!" అని వాటేసుకుంది.

అంతలో పడమర మబ్బు పట్టింది. వాగొస్తే దాటలేమని జీపు డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. ప్రసూన పరుగెత్తి జీపెక్కింది. సర్వే అయిపోయింది, ఇక ఆమె ఇటు రాదు. జీపు చెట్ల వెనక్కి పోయేదాకా భీమక్క చెయ్యి ఊపుతూనే ఉంది.

వెనక్కి తిరిగితే, వనం అంచున ప్రసూన బూట్లు, మేజోళ్లు లోపల కుక్కినవి కుక్కినట్టే, అమ్మవైపు తిరిగి ఉన్నాయి.