నోట్లో గుండుసూదులు

సోమవారం కూతురు నర్సు ఉద్యోగంలో చేరాలి. ఆ లోగా కుట్టు దుకాణం కౌంటరు అమ్మ చేతికి రావాలి. లేదంటే ఉద్యోగం మానేస్తానని కూతురు, మానితే దుకాణమే మూసేస్తానని అమ్మ. తల్లికి తగ్గ పిల్ల!

అమ్మకి పుట్టు చెవుడు. దుకాణంలో కుట్టేవాళ్లందరూ అంతే, మాటలన్నీ చేతులతోనే. అమ్మ సైగలను వచ్చినవాళ్లకు మాటల్లో చెప్పడం కూతురి వంతు. అమ్మ మాట కాస్త ఘాటు కాబట్టి, తీపి పూసి మరీ చెప్పేది.

అంచేత ఒక ఇంజినీరు వచ్చి, సైగను మాటగా పలికి, ఎదుటివాళ్ల మాటను అక్షరాల్లో చూపే ఏఐ చేస్తున్నాం, దానికి మీరే గురువులు అనగానే అందరూ ఎగిరి గంతేశారు. రికార్డింగు రోజున పెళ్లివారిలా తయారై, కత్తెరలూ టేపులూ దాచేసి, కెమెరా ముందు రెండు చేతులూ ఎత్తి, పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా సైగలు చేశారు. కాజాలు కుట్టే కుర్రాడికి బొత్తాం అని ముద్దుపేరు; వాడైతే జన్మలో మొదటిసారి మర్యాదగా మాట్లాడాడు.

గురువారం పరీక్ష. ఫోను కౌంటరు మీద నిలబెట్టారు. అమ్మ చేతిలో కోటు అలాగే ఉంచుకుని సైగ చేసింది. ఫోను బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది. అమ్మ మళ్లీ చేసింది.

"నీళ్లు... మేనమామ," అంది ఫోను.

అమ్మ మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయింది.

"రికార్డింగులో బాగానే పలికిందే!" ఇంజినీరు తల పట్టుకున్నాడు.

కూతురు లోపలికి తొంగిచూసింది. అమ్మ బొత్తాంతో పోట్లాడుతోంది. ఒక చేతిలో కోటు, పెదాల మధ్య గుండుసూదులు. ఆడుతున్నది ఒక్క చెయ్యే. మిగతా తిట్లన్నీ కనుబొమ్మలు తిడుతున్నాయి. కూతురికి నవ్వాగలేదు.

"అయ్యో సార్, చుట్టాల ముందు మాట్లాడే మాటలు నేర్పాం దీనికి! ఇక్కడ రెండు చేతులూ ఖాళీగా ఉండేదెప్పుడు? కెమెరా ఇలా పట్టుకురండి, తొందరగా!"

"ముందు వాళ్లనడుగు," అన్నాడు ఇంజినీరు.

కూతురు సంగతి చెప్పగానే, 'తిట్లు కూడా నేర్చుకుంటుందా?' అని సైగ చేసింది అమ్మ.

'అన్నీ నేర్చుకుంటుంది.'

'అయితే తీసుకోమను.'

ఇక చూడాలి ఆ హడావిడి! పని ఆగలేదు, చేతులు ఆగలేదు, కెమెరా ఆగలేదు. ఫోను తప్పు పలికినప్పుడల్లా అమ్మ తెర మీది అక్షరాలు చదివి, ఇంజినీరు భుజం పట్టి లాగి సరిదిద్దేది. అతను కూడా ఒంటిచేత్తో పోట్లాడడం నేర్చేసుకున్నాడు. కూతురికి అన్నం కూడా సయించనంత సంబరం.

ఆదివారం సాయంత్రం పేచీకోరు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఎప్పటిలాగే కూతురితో, "కోటు బిగుతైపోయిందమ్మా. మీ అమ్మ కొలత తప్పు తీసుంటుంది," అన్నాడు.

అలవాటు కొద్దీ కూతురు నోరు తెరవబోయింది. ఫోను తెర మీద ఆయన మాట చదివేసిన అమ్మ మోచేత్తో ఆపింది. నోట్లో సూదులు, ఒక చేతిలో కోటు. రెండో చెయ్యి చకచకా కదిలింది.

"కొలత సరిగ్గానే ఉంది బాబూ," అంది ఫోను. "పెరిగింది నీ పొట్ట. ఎన్నాళ్లుగానో చెబుతున్నా. మా అమ్మాయే నీకు చెప్పట్లేదు."

ఆయన పొట్ట చేత్తో పట్టుకుని పకపకా నవ్వాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"అయితే కాస్త వదులు చేసిపెట్టండమ్మా," అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన అమ్మ మొహం చూసి మాట్లాడడం అదే మొదలు. కూతురు పట్టరాని సంతోషంతో కౌంటరు వెనక స్టూలు మీంచి లేచి ఇవతలికి వచ్చేసింది. అమ్మ ఆ స్టూలు లాక్కుని కూర్చుంది.